ఎర ఊడకూడదు, ఎర చావకూడదు



ఈసారి గోడ పత్రికలో ఎవరికి బాగా తెలిసిన పని గురించి వాళ్ళు రాయాలని తెలుగు మేడం గారు చెప్పారు. ఒకరు అడ్డాకుల విస్తరి కుట్టడం రాశారు. ఒకరు ఇప్పపువ్వు ఏరడం రాశారు. ఒకరు కొండచీపుర్లు కట్టడం రాశారు. అవన్నీ నాకూ కొంచెం కొంచెం వచ్చు. బాగా వచ్చింది మాత్రం ఒకటే. గాలానికి బతికున్న ఎరను ఊడిపోకుండా గుచ్చడం. ఆ మాట చెప్తే మా గదిలో అందరూ నవ్వారు. "వానపాముల మీద వ్యాసమా?" అన్నారు. నవ్వితే నవ్వారు గాని చివరిదాకా చదవండి.

మాది శబరి ఒడ్డున కోయ గూడెం. శబరి ఒడిశా కొండల్లో పుడుతుంది. అక్కడ దాన్ని కొలాబ్ అంటారు. దారిలో సీలేరు వచ్చి దానిలో కలుస్తుంది. చివరకు శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మా గూడెం ఆ కలిసే చోటుకు ఎగువన ఉంది. ఇంట్లోంచి చూస్తే ఏరు కనపడదు గాని రాత్రి పూట చప్పుడు వినపడతది.

మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. అమ్మకు, అయ్యకు వేలిముద్రే. మా అవ్వకు లెక్కలన్నీ వేళ్ళ మీదే. కాని గాలం పట్టుకుంటే ఆమె హెడ్మాస్టరు లాంటిది. మా గూడెంలో మగవాళ్ళు వలలు వేస్తారు. అవ్వ ఎప్పుడూ గాలమే వేస్తది. నాకు నేర్పింది ఆమే. ఆమె చెప్పే మాట ఒకటుంది. "ఎర ఊడితే కూర లేదు. ఎర చచ్చినా కూర లేదు." గట్టిగా గుచ్చితే ఎర చస్తది. మెత్తగా గుచ్చితే ఊడిపోద్ది. ఈ రెంటికీ మధ్యన ఉన్నదే పనితనం.

బతికున్న ఎర ఎందుకు అని మీరు అడగవచ్చు. జెల్లకు, వాలుగకు, మార్పుకు మూతి దగ్గర మీసాలు ఉంటాయి. బురద నీళ్ళల్లో కళ్ళు పనిచేయవు. అవి ఆ మీసాలతో తడిమి, వాసన పట్టి తిండి వెతుక్కుంటాయి. ఎర మెదిలితే వాటికి తొందరగా తెలుస్తది. కొర్రమీను ఇంకో రకం. అది నాచు చాటున కదలకుండా ఉండి, మెదిలే దాని మీద ఒక్కసారిగా పడుద్ది. మెదలని ఎరను అది చాలాసార్లు పట్టించుకోదు.

ముందు వానపాము సంగతి చెప్తాను. గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోట, పేడకుప్ప పక్కన, అరటిచెట్టు మొదట్లో తవ్వితే దొరుకుతాయి. సగం బయటకు వచ్చిన దాన్ని గుంజకూడదు, తెగిపోద్ది. దాని ఒంటి మీద సన్నని ముళ్ళలాంటివి ఉంటాయి. సైన్సు పుస్తకంలో వాటిని శూకాలు అన్నారు. వాటితో అది మట్టిని పట్టుకుంటది. వేళ్ళతో పట్టుకుని కాసేపు ఊరుకుంటే అదే పట్టు వదులుద్ది. అప్పుడు మెల్లగా లాగాలి. అవ్వకు శూకాలు అనే మాట తెలియదు. కాని ఊరుకోవాలి అనేది తెలుసు.

వానపాము చర్మంతోనే గాలి పీలుస్తది. ఒళ్ళు తడిగా ఉంటేనే పీల్చగలదు. అందుకని దాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి ఎండలో పెట్టకూడదు. కొబ్బరి చిప్పలో అది పుట్టిన మట్టే తడిగా వేసి, పైన ఆకు కప్పి, నీడన పెట్టాలి. నీళ్ళల్లో నానబెట్టినా తెల్లబడి మెత్తబడుద్ది. మెత్తబడిన ఎర గాలం మీద నిలవదు. కొంతమంది జారకుండా బూడిద రాస్తారు. బూడిద దాని ఒంటి తడిని లాగేస్తది. మన వేళ్ళకు కొంచెం పొడి మట్టి అద్దుకుంటే చాలు.

ఇక గుచ్చడం. గాలం లోపలి వైపు చిన్న ఎదురు ముల్లు ఉంటుంది. (పక్కన బొమ్మ వేశాను చూడండి.) ఎర ఆ ముల్లు దాటి లోపలికి పోవాలి. దాటకపోతే మొదటి విసురుకే జారిపోద్ది. వానపాముకు తల వైపు మందంగా పట్టీలాగా ఒక చోటు ఉంటుంది. మన పుస్తకంలో 14, 15, 16 ఖండితాలు అని ఉన్నది అదే. అక్కడ చర్మం గట్టి. అక్కడ మొదటి పోటు వేయాలి. తరువాత మేజోడు తొడిగినట్టు గాలం వంపు మీదికి ఎక్కించాలి. చివర ఒక వేలు కణుపంత వదిలేయాలి. అది ఆడుతూ ఉంటది. ఇంకా ఎక్కువ వదిలితే పక్కెలు, పరిగెలు ఆ తోకను కొరుక్కుని పోతాయి. బెండు ఊగుద్ది, మనం లాగుతాం, గాలం బోసిగా వస్తది.

చిన్న చేపను ఎరగా పెట్టాలంటే పద్ధతి వేరు. ముందు చెయ్యి తడుపుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోయి తొందరగా చస్తది. నీళ్ళు పారే చోటైతే రెండు పెదవులూ కలిపి కింది నుంచి పైకి గుచ్చాలి. అప్పుడు అది ఏటికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుద్ది. నోట్లోకి వచ్చిన నీళ్ళు మొప్పల్లోంచి పోతాయి, ఊపిరి ఆడతది. నీళ్ళు నిలిచిన మడుగైతే వీపు మీద, రెక్క కింద, పైపైన గుచ్చాలి. వెన్నుముల్లుకు తగలకూడదు. తగిలితే దాని పని అయిపోయినట్టే.

మిడతను మేము గుచ్చము, కడతాము. గాలం కాడకు మిడతను ఆనించి అరటి నారతో రెండు చుట్లు మెత్తగా చుడతాము. కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. అది నీళ్ళ మీద తన్నుకుంటుంటే కొర్రమీను వస్తది. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఈ చేపనే రాష్ట్ర చేపగా పెట్టుకుంది.

విసిరేటప్పుడు కూడా ఎర ఊడుద్ది. తలపై నుంచి కొరడాలాగా విసరకూడదు. కర్రను ముందుకు చాచి, తంగూసును ఉయ్యాల ఊపినట్టు ఊపి, నీళ్ళ మీద పెట్టినట్టు వదలాలి. మధ్య మధ్యలో తీసి చూడాలి. ఎర తెల్లబడితే మార్చాలి.

ఇదంతా ఏదో సరదా పని అనుకోకండి. ఒకసారి ఇదే మా కడుపు నింపింది. అది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నెల 16వ తేదీన 71.3 అడుగులు వచ్చింది. అంతకు ముందు 1986లో 75.6 అడుగులు వచ్చిందట. గోదావరి నిండితే శబరి నీళ్ళు కిందికి దిగలేవు. వెనక్కి తన్నుతాయి. మా గూడెం అట్లాగే మునిగింది. ముందు నుంచి కాదు, వెనక నుంచి వచ్చింది నీళ్ళు. నాకు అప్పుడు పదేళ్ళు. కోళ్ళను, బియ్యం మూటను, తమ్ముణ్ణి పట్టుకుని గుట్ట ఎక్కాము. ఒక పట్టా కింద మూడు కుటుంబాల వాళ్ళము, 11 మందిమి ఉన్నాము.

బియ్యం వచ్చాయి. పప్పు కొన్నాళ్ళకు అయిపోయింది. కూర లేదు. ఉప్పు, కారం కలుపుకుని తిన్నాము. పెద్దవాళ్ళు తింటారు గాని పిల్లలు ఎన్ని పూటలు తింటారు? మా తమ్ముడికి అప్పుడు నాలుగేళ్ళు. అన్నం చూడగానే మూతి తిప్పుకునేవాడు. వలలన్నీ కొట్టుకుపోయాయి. అవ్వ రొండిన ఒక పాత చెప్పు ముక్క దోపుకుని ఉంది. దానికి రెండు గాలాలు గుచ్చి ఉన్నాయి. కొంత తంగూసు కూడా చుట్టి ఉంది. మొత్తం గూడేనికి మిగిలింది ఆ రెండే.

వరద తీసిన తరువాత పొలాల పల్లాల్లో నీళ్ళు నిలిచాయి. వాటిలో చేపలు చిక్కుకున్నాయి. మొదట వానపాములు బాగానే దొరికాయి. నీళ్ళకు భయపడి అవి కూడా మాలాగే గుట్ట ఎక్కాయి. తరువాత గట్టి ఎండ కాసింది. బురద పైన పెచ్చు కట్టింది. ఎంత తవ్వినా నాలుగో అయిదో దొరికేవి. ఆ నాలుగూ చిన్న చేపలు కొరుక్కుపోతే ఆ పూటకు అంతే. అవ్వ ఒక్కో వానపామును మూడు ముక్కలు చేసి పెట్టేది. ముక్క చేసిన ఎర ఇంకా తొందరగా జారుద్ది.

వరదకు ఎవరిదో సైకిలు కొట్టుకొచ్చి తుమ్మచెట్టుకు తట్టుకుని ఉంది. దాని ట్యూబు పగిలి వేలాడుతోంది. నేను బ్లేడుతో దాని నుంచి కందిగింజంత ముక్కలు కోశాను. వానపామును ఎక్కించిన తరువాత, గాలం మొన నుంచి ఒక రబ్బరు ముక్కను గుచ్చి ఎదురు ముల్లు దాటించాను. రబ్బరు గట్టిగా పట్టుకుని కూర్చుంది. దాని వెనక ఎర కూర్చుంది. కిందికి జారడానికి దారి లేదు. తలుపుకు గడియ పెట్టినట్టు అయ్యింది.

అవ్వ దాన్ని వేలితో నొక్కి చూసింది. "ఎవరు చెప్పారే నీకు?" అంది. ఎవరూ చెప్పలేదు అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. రెండో గాలం కూడా నా చేతికి ఇచ్చింది.

ఆ సాయంత్రం మూడు జెల్లలు, ఒక మార్పు పడ్డాయి. పెద్దవి కాదు. జెల్లకు రెక్కల దగ్గర ముల్లు ఉంటుంది, గుచ్చితే మంట. అవ్వే గాలం నుంచి తీసింది. చింతపండు వేసి పులుసు కాచారు. 11 మందికి నాలుగు చేపలు. పులుసు నీళ్ళలాగే ఉంది. అయినా అందరి అన్నం తడిసింది. తమ్ముడు రెండోసారి పెట్టమన్నాడు. అమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. పొయ్యి పొగ అని చెప్పింది. పొగ నా వైపు వస్తోంది, అమ్మ వైపు కాదు.

ఆ పల్లాల నీళ్ళు ఎండిపోయే దాకా మేము రోజూ గాలం వేశాము. రెండు గాలాల్లో ఒక్కటి కూడా పోలేదు.

ఇది ముందే చదివిన ఒక నేస్తం నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ప్రాణం ఉన్నదాన్ని గుచ్చితే పాపం కాదా? చావకుండా చూసుకుంటాం అంటున్నావు, అది ఇంకా పాపం కదా?" అని. ఈ ప్రశ్నకు నేను రెండు రోజులు ఆలోచించాను. వానపాము మెలికలు తిరుగుతుంటే నాకూ బాగుండదు. నొప్పి లేదని నేను అబద్ధం రాయను. కాని మేము తినే కూర అట్లా వస్తది. పట్నంలో చేపలు తినేవాళ్ళకు ఎర కనపడదు. మాకు కనపడతది, అంతే తేడా. కనపడుతుంది కాబట్టే అవ్వ కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది. ఆ పూటకు ఎన్ని కావాలో అన్నే తవ్వాలి. మిగిలినవి చీకటి పడేలోపు తడిమట్టిలో వదలాలి. గాలం వేసి నిద్రపోకూడదు. కొర్రమీను తన పిల్లల్ని కాపలా కాస్తది. ఆ పిల్లలు నీళ్ళ పైన ఎర్రగా గుంపుగా తిరుగుతాయి. ఆ గుంపు కనపడితే అక్కడ గాలం వేయకూడదు. తల్లిని పట్టుకుంటే పిల్లలన్నీ వేరే చేపలకు ఆహారం అవుతాయి. ఆకలి రోజుల్లో కూడా అవ్వ ఆ కట్టుబాటు తప్పలేదు. నేను చూశాను. ఒకరోజు అట్లాంటి గుంపు కనపడితే గాలం చుట్టేసి వట్టి చేతులతో వచ్చింది.

కొందరు నీళ్ళల్లో మందు కలుపుతారు, తూటాలు పేలుస్తారు. దాంతో పిల్లా పెద్దా అన్నీ చస్తాయి. అది తప్పు అని 1897లోనే మత్స్య చట్టం వచ్చింది. ఒక్క ఎరకు ఒక్క చేప అనే లెక్క ఎంత నయమో ఆలోచించండి.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు రాసి పెట్టాలనిపించిందో చెప్తాను. మా మండలం పోలవరం ముంపులో ఉంది. మా గూడెం వాళ్ళము కూడా లేచి పోవాలి. పోయే చోట పక్కా ఇల్లు ఉంటుందట. రోడ్డు, బస్సు ఉంటాయట. బోరు ఉంటుంది. ఏరు ఉండదు. మా అమ్మ పోదాం అంటది. గుట్ట మీద పట్టా కింద ఉన్న రాత్రులు ఆమె మరిచిపోలేదు. వాన గట్టిగా పడితే ఇప్పటికీ లేచి కూర్చుంటది. అవ్వ రాను అంటది. "ఏరు లేని చోట నేనేం పని చేయాలి?" అంటది. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుంటారు గాని ఈ మాట వస్తే ఒకరు లేచిపోతారు. మధ్యలో అయ్య ఏమీ మాట్లాడడు.

నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. బస్సు ఉంటే నా చదువు ఆగదు. అమ్మ నిద్రపోతది. అది నిజం. కాని బోరు నీళ్ళల్లో గాలం వేయలేము కదా. అదీ నిజం. రెండు నిజాలను ఒకే గాలానికి ఎట్లా గుచ్చాలో అవ్వ నాకు నేర్పలేదు.

అవ్వ కళ్ళకు పొర వచ్చింది. గాలం కంటిలోకి తంగూసు ఎక్కించలేదు. పోయిన సెలవుల్లో నేనే ఎక్కించి ఇచ్చాను. ఎర మాత్రం ఇప్పటికీ ఆమే గుచ్చుకుంటది, చూడకుండా, వేళ్ళతో తడిమి. తమ్ముడికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. వాడు నేర్చుకుంటానని వెంట పడుతున్నాడు. నేను ఎప్పుడూ హాస్టల్లో ఉంటాను. అవ్వ ఎన్నాళ్ళు ఏటికి పోగలదో తెలియదు. అందుకే రాసి పెడితే వాడు పెద్దయ్యాక చదువుకుంటాడు కదా అనుకున్నాను. వాడికి ఇప్పుడు గుణింతాలు వచ్చాయి. వాడి కోసం చిన్న చిన్న మాటలతో ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

1. ఎర తడిగా ఉండాలి, నీడన ఉండాలి.
2. గట్టి చోట గుచ్చు, ముల్లు దాటించు.
3. తోక కొంచెమే వదులు.
4. చివర రబ్బరు ముక్క పెట్టు.
5. ఊపి వదులు, విసరకు.
6. గాలాలు చెప్పు ముక్కకు గుచ్చి దాచు, కాలికి తగలనీయకు.
7. పిల్లల తల్లిని పట్టకు.
8. ఒంటరిగా ఏటికి పోకు.

ఎనిమిదోది మన హాస్టల్ చెల్లెళ్ళకు కూడా. ఇది చదివి ఎవరూ మన బడి వెనక వాగుకు పోవద్దు. పోతే వార్డెను మేడం గారు ముందు నన్నే పిలుస్తారు!

ఈ కాగితం గోడ మీది నుంచి తీసిన తరువాత నాకు ఇస్తానని తెలుగు మేడం గారు అన్నారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పట్టుకుపోతాను. అవ్వకు తెలుగు అంతా అర్థం కాదు. అందుకని ఒక్కో వాక్యం కోయలో చెప్తూ చదివి వినిపిస్తాను. తప్పులు ఉంటే ఆమె చెప్తది. దిద్ది తెచ్చి మళ్ళీ అంటిస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని
(బొమ్మలు కూడా నేనే వేశాను)